ఊఁ అంటే ఒప్పుకున్నట్టేనా?



అమ్మమ్మ కథ చెబుతూ ఉంటే పిల్లవాడు మధ్యమధ్య ఊఁ కొడుతూ ఉంటాడు. ఊఁ ఆగిపోతే అమ్మమ్మ కథ కూడా ఆగిపోతుంది. అంతమాత్రాన కథలోని రాజు చేసింది న్యాయమేనని ఆ పిల్లవాడు ఒప్పుకున్నట్టు ఎవరూ అనుకోరు. వింటున్నాను, చెప్పు అని దాని భావం. జపాన్ వారికి "హాయ్" అని ఒక మాట ఉంది. నిఘంటువులో దానికి "అవును" అని అర్థం కనిపిస్తుంది. వాడుకలో చాలాసార్లు అది మన ఊఁ వంటిదే. ఇలా ఊఁ కొట్టడాన్ని వారు "ఐజుచి" అంటారు. కొలిమి దగ్గర కమ్మరి ఒక దెబ్బ వేస్తే, ఎదుట నిలబడ్డ సహాయకుడు తన సమ్మెటతో మరో దెబ్బ వేస్తాడు గదా, ఆ జోడు దెబ్బ పేరే సంభాషణకు వచ్చి చేరింది.

ఈ సంగతి తెలియని అమెరికా వ్యాపారి ఒకాయన టోక్యోలో కూర్చుని గంటసేపు తన సరుకు ధర వివరించాడనుకోండి. ఎదుటివారు పదిసార్లు హాయ్ అన్నారు. బేరం కుదిరిందని ఆయన మురిసిపోతాడు. నెల తరువాత ఏమీ జరగకపోతే వారు మాట తప్పారంటాడు. వారేమో మేము మాట ఇచ్చిందెప్పుడంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు.

జపాన్ కంపెనీలో అసలు నిర్ణయం సమావేశంలో జరగడం తక్కువ. సమావేశానికి ముందే ఒక్కొక్కరినీ విడిగా కలిసి, అభిప్రాయం కనుక్కొని, అభ్యంతరాలు సర్దుబాటు చేస్తారు. దీనికి "నెమవాషి" అని పేరు. పెద్ద చెట్టును మరో చోట నాటే ముందు దాని వేళ్ల చుట్టూ తవ్వి సిద్ధం చేయడం అని ఆ మాటకు అర్థం. ఇది మనకేమీ కొత్త కాదు. నలుగురిలో తాంబూలాలు పుచ్చుకునే ముందు మధ్యవర్తి రెండిళ్ల మధ్య ఎన్నిసార్లు తిరుగుతాడో మనకు తెలుసు. తిన్నగా సమావేశంలోనే అడిగి తేల్చుకుందామని వచ్చే విదేశీయుడికి మాత్రం ఆ వేళ్లు కనిపించవు.

అమెరికాకు చెందిన మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1950ల తొలినాళ్లలో ఆ దేశ ప్రభుత్వం విదేశాలకు పంపే ఉద్యోగులకు శిక్షణ ఇచ్చేవాడు. 1959లో "ది సైలెంట్ లాంగ్వేజ్" అనే పుస్తకం రాశాడు. మాటలతో పాటు కాలమూ, దూరమూ, మౌనమూ మాట్లాడతాయన్నాడు. తరువాత 1976లో మరో పుస్తకంలో సమాజాల మధ్య ఒక తేడా చూపించాడు. కొన్ని సమాజాల్లో చెప్పదలచుకున్నదంతా మాటల్లోనే ఉంటుంది. మరికొన్నింటిలో సగం సంగతి సందర్భంలోనూ సంబంధంలోనూ ఉంటుంది. జర్మన్లు మొదటి రకం, జపనీయులు రెండో రకం అన్నాడు. మనం ఎటు వైపో చెప్పడానికి ఒక్క మాట చాలు. తెలుగులో "చూద్దాం" అన్నా, కన్నడలో "నోడోణ" అన్నా, తమిళంలో "పార్క్కలాం" అన్నా, అడిగినవాడు లేచి చెప్పులు వేసుకుంటాడు. అది కుదరదన్న మాటే గదా!

అయితే మౌనాన్నీ చిరునవ్వునూ అపార్థం చేసుకుంటే నష్టం ఎంతవరకు పోతుందో చెప్పడానికి జర్మనీలో వాల్‌మార్ట్ కథ మంచి ఉదాహరణ. ఈ అమెరికా దుకాణాల సంస్థ 1997లో జర్మనీలో అడుగుపెట్టింది. వాకిట్లో నిలబడి కొనేవారికి స్వాగతం చెప్పే మనిషి, ప్రతివారినీ చూసి నవ్వే గుమాస్తా, సరుకులు సంచిలో సర్ది ఇచ్చే కుర్రవాడు, ఉదయం పూట పనివారంతా కలిసి కంపెనీ పేరు కేకవేయడం, వీటన్నిటినీ అమెరికాలో ఉన్నట్టే అక్కడికి తీసుకువెళ్లింది. జర్మన్లకు ముక్కూమొహం తెలియని మనిషి నవ్వితే ఆదరణగా తోచదు. తమ సరుకు తామే సర్దుకోవడం వారికి అలవాటు. ఇతరులు ముట్టుకోవడం రుచించదు. ఉద్యోగుల మధ్య ప్రేమ వ్యవహారాలను నిషేధిస్తూ పెట్టిన నియమాన్ని 2005లో అక్కడి కార్మిక న్యాయస్థానం చెల్లదంది. 2006లో తన 85 దుకాణాలనూ మెట్రో అనే జర్మన్ సంస్థకు అమ్మి వాల్‌మార్ట్ వెనుదిరిగింది. తప్పంతా చిరునవ్వుదేనని చెప్పడం కూడా సరికాదు. ఆల్డి వంటి స్థానిక దుకాణాలు అప్పటికే చౌకగా అమ్ముతున్నాయి. కానీ ధరలతో పోరాడవలసిన చోట మర్యాదలతో కూడా పోరాడవలసి రావడం పెద్ద బరువే.

మన దేశంలోనూ 1994లో కెలాగ్స్ వారు కార్న్ ఫ్లేక్స్ తెచ్చారు. చల్లని పాలల్లో కరకరలాడాలని వారి ఉద్దేశం. మన ఇళ్లలో పొద్దున్నే పాలు కాచి వేడిగా పోస్తారు. ఇక కరకర ఎక్కడ?

హాలెండుకు చెందిన హాఫ్‌స్టెడ్ అనే పండితుడు ఐ.బి.ఎం. ఉద్యోగులు నింపిన లక్షకు పైగా ప్రశ్నపత్రాలు పరిశీలించి, 1980లో ఒక్కో దేశానికి కొన్ని అంకెలు ఇచ్చాడు. ఇప్పటికీ మేనేజిమెంటు చదువుల్లో అవి పాఠాలు. భారతదేశమంతటికీ ఒకే అంకె అంటే నాకు నమ్మకం కుదరదు. సరిహద్దులో ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష మాట్లాడే మావంటివారిని ఏ అంకెలో వేస్తారు?

ఇది దూరదేశాల ముచ్చట అనుకోవద్దు. మా బాగేపల్లి, గౌరిబిదనూరు వైపు నుంచి చూస్తే పెనుకొండ ఎంతో దూరం లేదు. 1565 యుద్ధం తరువాత విజయనగర రాజధాని అక్కడికే మారింది. 2017లో కొరియా వారి కియా సంస్థ అక్కడ కార్ల కర్మాగారానికి ఒప్పందం చేసుకుంది. 2019లో కార్లు బయటికి వచ్చాయి. మా పిల్లలు అటువంటి చోట్ల ఉద్యోగాలకు వెళతారు గనుక, కొరియా వారి తీరు కొంత తెలుసుకున్నాను.

వారు పై ఉద్యోగిని పేరుతో పిలవరు. హోదా చెప్పి చివర "నిమ్" చేరుస్తారు. ఇది అచ్చం మన "గారు". ఇచ్చేదీ పుచ్చుకునేదీ పెద్దల దగ్గర రెండు చేతులతోనే. తండ్రిని "అప్పా" అంటారు. కోలారు జిల్లా పిల్లవాడు ఇది వింటే నవ్వుకోక మానడు. దీన్నిబట్టి రెండు భాషలూ ఒకటేనని వాదించేవారున్నారు గానీ, భాషాశాస్త్రవేత్తలు ఒప్పుకోరు. మనం "రా", "రండి" అన్నట్టే వారి క్రియలకూ మర్యాద అంతస్తులున్నాయి. అందుకే పరిచయం కాగానే వయసు అడుగుతారు. అమెరికాలో అది అనుచితం. ఏ అంతస్తులో మాట్లాడాలో తెలియడానికి కొరియా వారికి అది అవసరం. పనిలో మాత్రం "ప్పల్లి ప్పల్లి" అంటారు, అంటే "గబగబా". ఇక్కడే చిక్కు. పెద్దాయన ముందు కాదనలేక మన కుర్రవాడు తల పక్కలకు ఊపుతాడు. ఆ ఊపు మనకే సగం అర్థమవుతుంది, వచ్చినవారికి ఏమర్థమవుతుంది? సాయంత్రానికి అవుతుందని ఒప్పుకున్నట్టే తీసుకుంటారు. సాయంత్రం పని కాకపోతే అతను సోమరి అని పేరు పడుతుంది. పేరు పడ్డాక ఉద్యోగం నిలవడం కష్టం.

మరో సూక్ష్మం ఉంది, ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయుడిగా నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది. "సామాను ఇంకా రాలేదా?" అని అడిగితే "అవునండి, రాలేదు" అనడం మనకు సహజం. కొరియాలోనూ జపాన్‌లోనూ ఇంతే. ఇంగ్లీషులో ఇదే ప్రశ్నకు "నో" అనాలి. మనవాడు "యెస్" అని ఊరుకుంటే అమెరికావాడు సామాను వచ్చిందనుకుని లారీ పంపుతాడు. కొరియావాడికి మాత్రం సరిగ్గా అర్థమవుతుంది. ఇద్దరూ ఇంగ్లీషే మాట్లాడారు మరి!

అందుకని నా తరగతిలో ఇలాంటి ప్రశ్నకు ఒంటి మాటతో జవాబు చెప్పనివ్వను. "రాలేదు. రేపు పదింటికి వస్తుంది" అని వాక్యం మొత్తం చెప్పాలి. మొదట్లో పిల్లలకు ఇది చాదస్తంగా ఉంటుంది. తల ఊపడం మాన్పించడానికి మాత్రం ఇంకా ఉపాయం దొరకలేదు.