మనం ఎవరం? ఇంటి నుంచే మొదలు కావలసిన విచారణ

(నల్లగొండలో జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు 'ఆత్మ విచారణ, అస్తిత్వం' అనే అంశం ఇచ్చారు. పెద్ద అంశం. తనను తాను ఎరిగినవాడే తన ప్రభువును ఎరుగుతాడన్న భావం సూఫీ పెద్దల బోధగా మన ఇళ్ళలో తరతరాలుగా వినిపిస్తోంది. ఆ ఎత్తుకు ఎక్కి మాట్లాడే అర్హత నాకు లేదు. ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. అందుచేత ఒక కాగితం మీది రెండు గడులు, వాటిలో నేను రాయించిన జవాబులు, వాటి వల్ల మా ఇంట్లో రేగిన అలజడి, ఇంతవరకే మాట్లాడతాను.

2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటి కుల సర్వే జరిపింది. మా ఇంటికి వచ్చినాయన నాకు ఎరుకైన ఉపాధ్యాయుడే. కుర్చీ వేసి, చాయ్ ఇచ్చాము. మతం అడిగారు, చెప్పాను. కులం అడిగారు. 'షేక్' అన్నాను. మాతృభాష అడిగారు. 'ఉర్దూ' అన్నాను. రాసుకుని వెళ్ళిపోయారు. అంతా పావుగంటలో ముగిసింది. తలుపు వేసి వచ్చేసరికి నా కూతురు గడప దగ్గరే నిలబడి ఉంది. 'అబ్బా, నాయనమ్మకు ఉర్దూ వచ్చేదా?' అని అడిగింది.

రాదు. మా అమ్మకు సలాము, దువా, నాలుగు వంటల పేర్లు తప్ప ఉర్దూ రాదు. ఆమె నమాజు అరబ్బీలో, ఏడుపు తెలుగులో. చాప మడతపెట్టి, చేతులెత్తి, 'అల్లా, నా పిల్లలకు అన్నం పెట్టు' అని దేవరకొండ వైపు యాసలో వేడుకునేది. నేను మా తండ్రిని 'నాయినా' అని పిలిచాను. నా కూతురు నన్ను 'అబ్బా' అని పిలుస్తుంది. ఆ మార్పు ఎప్పుడు, ఎవరి కోసం జరిగిందో అప్పటిదాకా నేను ఆలోచించలేదు. అబ్బా అన్న పిలుపులో తప్పేమీ లేదు, నా చెవికి అది తీయగానే ఉంటుంది. కాని నాయినా అన్న పిలుపును నలుగురిలో పలకడానికి నేను సిగ్గుపడ్డ రోజులు ఉన్నాయి. ఆ సిగ్గు గురించే నేను ఇవాళ మాట్లాడుతున్నాను.

మా తాత దూదేకులవాడు. పత్తి తీతలు అయ్యాక, చలి ముదరకముందు, దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. ఒక్కో ఇంటి అరుగు మీద కూర్చుని పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని తంతి మీద మళ్ళీ పొగమంచులా లేపేవాడు. ఆ తంతి మోత దూరం నుంచే వినబడేదట. కూలి కింద జొన్నలు ఇచ్చేవారు. దూది ధూళి వల్ల చివరి రోజుల్లో ఊపిరి ఆడక పోయాడు. తరువాత యంత్రాలు వచ్చాయి, ఫోమ్ పరుపులు వచ్చాయి, విల్లు అటక ఎక్కింది. మా నాయిన నన్ను బడిలో చేర్చేటప్పుడు 'షేక్' అని రాయించాడు. ఎందుకు నాయినా అని అడిగితే 'కొంచెం గౌరవంగా ఉంటుంది బిడ్డా' అన్నాడు. ఆయనను తప్పుపట్టే హక్కు నాకు లేదు. దూదేకులవారి మీద ఎన్ని సామెతలు ఉన్నాయో మీకు తెలుసు. వాటిని ఈ వేదిక మీద నేను పలకను. అటు వారూ నవ్వారు, ఇటు మసీదులో మన పక్కన నిలబడినవారూ నవ్వారు.

రెండేళ్ళ తరువాత నా తమ్ముణ్ణి చేర్చడానికి తాతే స్వయంగా వెళ్ళాడు. అక్కడి పెద్ద సారుకు తాత వృత్తి తెలుసు. వాడి పేరు ముందు 'దూదేకుల' అని పడింది. ఇలా ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరం రెండు కులాల వాళ్ళమయ్యాము.

ఇక్కడ కొంచెం చట్టం చెప్పాలి. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అన్న పేర్లు వెనుకబడిన తరగతుల జాబితాలో బీసీ-బి కింద ఉన్నాయి. మెహతర్ ముస్లింలు బీసీ-ఎలో ఉన్నారు. 2007లో చేసిన చట్టం బీసీ-ఇ అనే కొత్త గుంపును ఏర్పరచి నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లిం, ఫకీరు, గారడీ సాయిబులు, హజ్జాం, ఖురేషీ, షేక్, సిద్దీ, తురక కాశ మొదలైనవారు అందులో ఉన్నారు. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా వంటి వర్గాలను చట్టమే మినహాయించింది. అంతకుముందు ముస్లింలందరికీ కలిపి ఇవ్వబోయిన రిజర్వేషన్ హైకోర్టులో నిలవలేదు. వృత్తుల వారీగా, సామాజిక వెనుకబాటు ఆధారంగా లెక్క చూపినప్పుడే, 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్ల, ఈ నాలుగు శాతం అమలులో నిలిచింది. ఈ నేల మీద మన పిల్లలు ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్లలో కూర్చున్నారంటే, రంగులు అద్దిన, గడ్డాలు గీసిన, మాంసం కొట్టిన, భిక్షం అడిగిన మన తాతల పేర్లే వాళ్ళను అక్కడికి చేర్చాయి. పిల్లలు సీట్లో కూర్చున్నాక ఆ పేర్లను ఇంట్లో పలకనివ్వని వాళ్ళమూ మనమే.

మా తమ్ముడి కొడుకు ఒక కోర్సులో చేరేటప్పుడు కుల ధ్రువపత్రం కావలసివచ్చింది. బీసీ-బి అని దరఖాస్తు పెట్టాడు. విచారణలో కుటుంబ సభ్యుల కాగితాలు అడిగారు. పెదనాన్న కాగితం మీద షేక్, బీసీ-ఇ. 'ఒక తల్లి పిల్లలు రెండు కులాలు ఎట్లయితరు?' అని కార్యాలయంలో అడిగిన ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. తిరగడంలోనే గడువు దాటింది. పిల్లవాడికి ఒక సంవత్సరం పోయింది. ఏ గుంపులో ఎక్కువ లాభమని లెక్కలు వేసి చేసింది కాదిది. కార్యాలయాన్ని తిట్టుకోవడం సులువు, కొన్నాళ్ళు తిట్టుకున్నాము కూడా. కాని ఆ అధికారి అడిగింది న్యాయమైన ప్రశ్న. నేను సర్వే ఆయనకు మళ్ళీ 'షేక్' అనే చెప్పాను చూడండి, అది ఈ సంఘటన జరిగిన తరువాతి మాట. అలవాటు అంత బలమైనది.

ఆ సర్వే ఫలితాలు 2025 ఫిబ్రవరిలో వెల్లడయ్యాయి. రాష్ట్ర జనాభాలో బీసీ ముస్లింలు 10.08 శాతం, ఓసీ ముస్లింలు 2.48 శాతం. అంటే మనలో ప్రతి ఐదుగురిలో నలుగురు వెనుకబడిన తరగతులవారు. మనలను చూసి 'మీరు నవాబులు కదా, రాజ్యం ఏలినవాళ్ళు కదా' అనేవారికి ఈ అంకె ఒక జవాబు. అయితే ఆ మాట విన్నప్పుడు మనలో కొందరికి లోపల ఒక చిన్న సంతోషం కలుగుతుంది. దానికి జవాబు ఏ అంకెలోనూ దొరకదు. రాజ్యం ఏలినవాడి గొప్ప మనకు ఏనాడూ దక్కలేదు. వాడి మీద కోపం మాత్రం మన వాకిళ్ళకే వచ్చి పడింది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య నాటికి మా అమ్మకు పదేళ్ళు. జొన్నచేలో రెండు రాత్రులు దాక్కున్నారు. మూడో రాత్రి పొరుగున ఉన్న గొల్లవారు ఇంట్లోకి తీసుకుని గొంగళ్ళు కప్పారు. ఆ మాట ఆమె నాకు తన డెబ్బయ్యో ఏట చెప్పింది. అరవై ఏళ్ళు ఎందుకు దాచావమ్మా అంటే, 'చెప్పుకుంటే మళ్ళీ వస్తదేమో అనిపించేది' అంది.

నల్లగొండ గడ్డ మీద నిలబడి షేక్ బందగీ పేరు తలవకుండా పోతే తప్పవుతుంది. దేవరుప్పుల దగ్గర కామారెడ్డిగూడెం ఆయనది. అప్పట్లో జనగామ తాలూకా మన జిల్లాలోనే ఉండేది. తన సోదరుడితో భూమి తగాదా. సోదరుడికి విసునూరు దేశ్‌ముఖ్ అండ. బందగీ ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగి గెలిచాడు. గెలిచినందుకు ఆయనను చంపారు. సుంకర, వాసిరెడ్డి రాసిన 'మాభూమి' నాటకం వెనుక ఆయన కథ ఉంది. ఒక ముస్లిం రైతు, ఎదుట అతని సొంత సోదరుడు, ఆ సోదరుడి వెనుక ఒక దొర, వీరందరి పైన నిజాం ప్రభుత్వం. దీనిని హిందూ ముస్లిం కథగా చెప్పబోయినవాడు మొదటి వాక్యంలోనే చిక్కుకుంటాడు. బందగీ అంటే ఆరాధన, దాసుడై నిలవడం. ఆ పేరుగలవాడు దొరకు బందగీ చేయలేదు. మన పిల్లలకు టిప్పు సుల్తాన్ తెలుసు, సంతోషం. బందగీ తెలుసా అని ఒకసారి ఇంటికి వెళ్ళి అడగండి. 1952లో మఖ్దూం మొహియుద్దీన్‌ను శాసనసభకు పంపింది హుజూర్‌నగర్ అన్న సంగతి కూడా అడగండి.

పాలమూరు నుంచి వచ్చిన సోదరులు ఇక్కడ ఉన్నారు. మీ జిల్లా పేరు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద పెట్టారు. బొంబాయి కట్టడాల దగ్గర మట్టి మోసేటప్పుడు ఏ ఊరని అడిగితే మీరు చెప్పే పేరు మాత్రం పాలమూరు. తట్ట ఎత్తినవాళ్ళలో సాయిబు, ముదిరాజు, మాదిగ అందరూ ఉన్నారు. ఇక్కడ మా ఫ్లోరైడు నీళ్ళు కూడా ఎవరి ఎముకలనూ మతం అడిగి వంచలేదు. జాన్‌పహాడ్ దర్గా చుట్టుపక్కల ఊళ్ళలో సైదులు అని పిలవండి, నలుగురు తిరిగి చూస్తారు. అందులో ఇద్దరు హిందువులు. పీర్ల పండుగకు గుండం చుట్టూ ఆడేవారిలో మనకన్నా వారే ఎక్కువ. అది ధర్మసమ్మతమా కాదా అన్న చర్చ మనలో ఉంది, ఉండనివ్వండి. నేను కూడా నిప్పులు తొక్కేవాణ్ణి కాను. కాని ఆ చర్చను పీరు ఎత్తే ఫకీరు కుటుంబాన్ని మసీదు మెట్ల మీద అవమానించడంతో మొదలుపెట్టేవారు మరొకసారి ఆలోచించాలి. వంశాలు, తెగలు ఒకరినొకరు గుర్తుపట్టడానికే తప్ప గొప్పలకు కావని సూరా హుజురాత్ బోధ. జుమా నాడు అందరం వింటాము. సంబంధాలు కుదుర్చుకునే నాడు 'వాళ్ళు దూదేకులవాళ్ళు, మనం ఇవ్వము' అంటాము.

ఈ ప్రశ్నలు మొదట అడిగినది నేను కాదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో స్కైబాబ వెలువరించిన 'జల్‌జలా', 2004లో 'వతన్' కథలు తెలుగు ముస్లిం తన గురించి తానే రాసుకునే దారిని వేశాయి. స్కైబాబ మన నల్లగొండ బిడ్డ. షాజహానా 'నఖాబ్'తో ఆడవారి వైపు నుంచి అడిగింది. ఆ పుస్తకాలు మన ఇళ్ళలో ఎన్ని ఉన్నాయో మీరే చూసుకోండి.

ఆడవారి సంగతి వచ్చింది కనుక ఒక మాట. మా అమ్మ పోయాక పింఛను కాగితాల పని మీద ఆమె పేరు వెతికాము. రేషన్ కార్డులో సైదాబీ. ఓటరు జాబితాలో సైదమ్మ. ఆధార్‌లో సైదా బేగం. ముగ్గురూ ఒక్కరేనని రుజువు చేయడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఎవరైనా ఆమెను నీ పేరు ఏమిటమ్మా అని అడిగి రాశారా? ఆమెకు ఇష్టమైన పేరు ఏదో కొడుకునైన నాకే తెలియదు. మగవాడు గౌరవం కోసం పేరు మార్చుకున్నాడు. ఆమె పేరును రాసేవారే మార్చారు.

2027 జనగణనలో కులాన్ని కూడా లెక్కిస్తామని కేంద్రం ప్రకటించింది. దేశమంతటా కులాలన్నిటినీ లెక్కించి అంకెలు ప్రకటించడం 1931 తరువాత ఇదే మొదటిసారి అవుతుంది. మళ్ళీ ఒక ఉపాధ్యాయుడు వస్తాడు, మళ్ళీ కుర్చీ వేస్తాము. ఈసారి ఆయన రాకముందే మా ఇంట్లో అందరం కూర్చున్నాము. అటక మీది విల్లు దించాము. తంతి లేదు, కర్రకు చెద పట్టింది. తంతిని కొట్టే చెక్క మాత్రం తాత అరచేయి రాపిడికి నున్నగా అలాగే ఉంది. నా కూతురు దాన్ని చేతిలోకి తీసుకుని 'ఇప్పుడు నా సర్టిఫికెట్ కూడా మార్చాలా అబ్బా?' అని అడిగింది. ఆమె చదువు, ఉద్యోగ దరఖాస్తులు అన్నీ బీసీ-ఇ మీద ఉన్నాయి. మారిస్తే ఏమవుతుందో, మార్చకపోతే ఏమవుతుందో వకీలును అడుగుతున్నాము. ఆ జవాబు ఇంకా రాలేదు. మాతృభాష గడిలో ఏం చెప్పాలో మాత్రం తేలింది. తెలుగు.

మీలో అత్తరు అమ్మినవారి, అద్దకం వేసినవారి, గారడీ ఆడినవారి మనవలు ఉన్నారు. పనిముట్ల పేర్లు, తిరిగిన ఊర్ల పేర్లు, అమ్మల అసలు పేర్లు తెలిసిన పెద్దలు ఉన్నారు. హాలు వెనుక బల్ల దగ్గర మన పిల్లలు నోటుపుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు. అసర్ నమాజుకు ఇంకా ఇరవై నిమిషాలు ఉంది. పెద్దవాళ్ళు ముందు వెళ్ళండి, వాళ్ళు రాసుకుంటారు.