అతివృష్టి, అనావృష్టి – అన్నం విషయంలో మన బాధ్యత

సమస్త ప్రశంసలు అల్లాహ్‌కే శోభిస్తాయి. వాన కురిపించి ఎండిన నేలకు జీవం పోసేవాడు ఆయనే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు కురియుగాక! అమ్మా బాద్.



మన రాజోలు ప్రాంతానికి ఒక ప్రక్క వశిష్ఠ, మరొక ప్రక్క వైనతేయ, దక్షిణాన సముద్రం. ఈ నీరే మన అన్నం, ఈ నీరే మన పరీక్ష. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను, 1996 నవంబరు 6న కొబ్బరి తోటలను కూల్చిన తుఫానును మన పెద్దలు మరచిపోలేదు. 2022లో జూలైలోనే లంక గ్రామాలు మునిగాయి. 2025 అక్టోబరు 28 రాత్రి వశిష్ఠకు ఆవల, నరసాపురం సమీపాన మొంథా తుఫాను తీరం దాటినప్పుడు సార్వా వరి ఇంకా చేలలోనే ఉంది.

ఇది మన ఊరి కష్టం మాత్రమే కాదు. అన్నం విషయంలో లోకమంతా ఒకే పంక్తిలో కూర్చున్నది. 2022 మార్చిలో ఉత్తర భారతాన ఎండలు మండి గోధుమ గింజ చిక్కిపోయింది. మే 13న గోధుమల ఎగుమతి నిలిపివేయబడింది. 2023లో వానల తీరు తప్పింది. జూలై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి నిషేధించబడింది. ప్రపంచ విపణిలో అమ్ముడయ్యే బియ్యంలో సుమారు 40 శాతం మన దేశానిదే. కాకినాడ రేవు నుండి వెళ్ళే బియ్యం బెనిన్, టోగో వంటి ఆఫ్రికా దేశాల పేదల కుండల్లో ఉడుకుతుంది. ఆ నిషేధం వచ్చిన వారం రోజులకే అరబ్ ఎమిరేట్స్ ప్రభుత్వం తమ దేశం నుండి బియ్యం బయటకు పోకుండా నాలుగు నెలలపాటు ఆపివేసింది. మన ఇండ్ల నుండి గల్ఫ్‌కు వెళ్ళి కష్టపడుతున్న బిడ్డల భోజనం కూడా వాన మీదనే ఆధారపడి ఉన్నదన్నమాట.

సోదరులారా! హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) వృత్తాంతాన్ని దివ్య ఖుర్ఆన్ మనకు ఊరకనే వినిపించలేదు. ఏడేండ్ల సమృద్ధిలో ఆయన ధాన్యాన్ని వెన్నులతోనే భద్రపరచమన్నారు. తరువాతి ఏడేండ్ల కరువులో దానిని కొలిచి ఇచ్చారు. పొరుగున కన్‌ఆన్ నుండి వచ్చినవారికీ ఒంటెల మీద ధాన్యం దక్కింది. ముందుచూపు తవక్కుల్‌కు విరుద్ధం కాదని దీనివల్ల గ్రహించాలి. ఆయన దాచినది ప్రజల ఆకలి తీర్చడానికి. ధర పెరిగే వరకు ఆగి అమ్ముకోవడానికి దాచేది ఇహ్తికార్. దానిని దైవప్రవక్త (స) పాపకార్యంగా ప్రకటించారు. గిడ్డంగి ఒకటే కావచ్చు, నియ్యత్ వేరు.

ఇక మన ఇంటి విషయానికి వద్దాం. నష్టం ఎవరి మీద పడుతున్నది? చేను ఒకరిది, చెమట మరొకరిది. కౌలు రైతు మక్తా బస్తాలు ముందే ఒప్పుకొని, అప్పు తెచ్చి నాటుతాడు. వరద వస్తే ధాన్యం తడుస్తుంది; తేమ 17 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో చిక్కు వస్తుంది. అయినా మక్తా మాత్రం తగ్గదు. 2011లో కోనసీమ రైతులు పూడిన మురుగు కాలువలతో, గిట్టని ధరతో విసిగి, సార్వా సాగునే మానివేశారు. నీరున్న నేల బీడుగా మిగిలిందంటే, లోపం ఆకాశానిది మాత్రమే కాదు.

ఖైబర్ భూములను దైవప్రవక్త (స) పంటలో సగం వాటాకు సాగుకిచ్చారు. పండితే ఇద్దరికీ లాభం, ఎండితే ఇద్దరికీ నష్టం. కాయలు కొన్న తరువాత ఆపద వచ్చి పోతే, కొన్నవాని నుండి ఆ సొమ్ము తీసుకోవద్దని కూడా ఆయన బోధించారు. ఈ ఆదేశపు వివరాలలో ధర్మవేత్తల మధ్య చర్చ ఉన్నది గాని, కరుణ ఎటువైపు ఉన్నదో అందులో సందేహం లేదు.

కనుక మేము ఈ మింబర్ నుండి కోరుతున్నాము: పొలం ఉన్న సోదరులారా, పంట పోయిన ఏడాది మక్తా మాఫీ చేయండి, లేదా పండినంతలోనే పంచుకోండి. అప్పు ఇచ్చినవారు గడువు పొడిగించండి. కొబ్బరి తోటలు ముందుగా అమ్మినవారు కొన్నవాని నష్టాన్ని కూడా లెక్కించండి. పంట చేతికి వచ్చినవారు ఉష్ర్ చెల్లించండి: వానకు పండినదానిలో పదవ వంతు, ఖర్చుపెట్టి నీరు పెట్టినదానిలో ఇరవయ్యవ వంతు. వర్షాలకు ముందే మన జమాఅత్ యువకులు ఊరివారందరితో కలిసి మురుగు బోదెలు బాగుచేయాలి. పొరుగువాని మతమేదైనా చేను మునగకుండా కాపాడటం సదఖాయే. వలీమాలలో అన్నం పారబోయకండి.

ఒక శుక్రవారం ఖుత్బా సమయాన కరువు గురించి మొరపెట్టుకోగా దైవప్రవక్త (స) దుఆ చేశారు, వాన కురిసింది. మరుసటి శుక్రవారానికి అతివృష్టితో ఇండ్లు కూలుతున్నాయని విన్నవించారు. అప్పుడాయన కారుణ్యాన్ని ఉపసంహరించమని వేడుకోలేదు. ఆ వానను కొండల మీదికి, లోయలలోకి, చెట్లు మొలిచే చోట్లకు మళ్ళించమని వేడుకున్నారు. మన దుఆ కూడా అదే.

యా అల్లాహ్! మా నీటిని మాకు మేలుగా మార్చు. పండించే చేతులను అప్పుల నుండి కాపాడు. ఆకలిగొన్నవారు ఏ దేశాన ఉన్నా వారికి అన్నం ప్రసాదించు. మా గాదెలను, మా హృదయాలను లోభం నుండి శుద్ధి చేయి. ఆమీన్.