కావలి – గైకొనుట

గ్రీకు భాషయందు ‘తేరెయో’ అను క్రియ యొకటి కలదు. క్రొత్త నిబంధన గ్రంథమున నది సుమారు డెబ్బది తావుల కానవచ్చును. కావలివాడు అను అర్థము గల నామమునకు చుట్టమైన మాట యది. కన్ను మరల్చక చూచుచుండుట దాని మొదటి భావము. మన తెలుగు బైబిలులో ఈ మాట ఒక్క రూపున నిలువలేదు. ఆజ్ఞల విషయమున వచ్చినప్పుడు ‘గైకొను’ అయినది. శిష్యుల విషయమున ‘కాపాడు’ అయినది. చెరలోనివారి విషయమున ‘కనిపెట్టు’ అయినది. కానా పెండ్లివిందులో మంచి ద్రాక్షారసమును చివరివరకు ‘ఉంచుకొను’ట కూడ ఈ క్రియయే. అనువాదకులను తప్పుపట్టుటకు ఇది చెప్పుట లేదు. ఒక భాషలోని మాటకు వేరొక భాషలో అన్ని తావులందును ఒక మాటయే సరిపడుట అరుదు. కాని యొక్కచోట మాత్రము నష్టము చిన్నది కాదు.

ప్రకటన గ్రంథము మూడవ అధ్యాయమున ఫిలదెల్ఫియ సంఘమునకు వ్రాయబడిన లేఖ యున్నది. అందు సంఘము వాక్యముపట్ల చేసిన పనికిని, శోధనకాలమున ప్రభువు సంఘముపట్ల చేయబోవు పనికిని గ్రీకులో ఒకే క్రియ. ఇచ్చిపుచ్చుకొనుట వంటి ఆ పొందిక వినువాని చెవికి తక్షణమే తెలియును. తెలుగులో మొదటిది ‘గైకొను’, రెండవది ‘కాపాడు’. అర్థము చెడలేదు, ముడి మాత్రము విడిపోయినది.

‘గైకొను’ అనునది ‘కైకొను’ అను పాతమాటకు రూపాంతరము. కై యనగా చేయి. చేతికి తీసికొనుట, అంగీకరించుట దాని భావము. గంభీరమైన మాటయే. అయినను అది చేతి మాట. తేరెయో కంటి మాట. చేతితో పుచ్చుకొనుట ఒక్కమారు జరిగి తీరిపోవును. కంటితో కాచుటకు ముగింపు లేదు. బాప్తిస్మము పొందిన దినముననే ఆజ్ఞలన్నియు గైకొంటిమని తలచి, అటుపిమ్మట నిశ్చింతగా నుండువారు మన సంఘములలో లేకపోలేదు. ఆ నిశ్చింతకు తెలుగు మాట కొంత ఆస్కార మిచ్చినదేమో యని నా యనుమానము.

మెట్టుగూడలో ఈ భేదమును చెప్పువానికి ఉదాహరణములకై దూరము పోనక్కరలేదు. 1893లో నెలకొన్న లాలాగూడ రైల్వే కర్మాగారము చేరువనే యున్నది. 1966లో సికిందరాబాదు ముఖ్యస్థానముగా దక్షిణమధ్య రైల్వే యేర్పడినది. రైలు కొలువున బ్రతికిన కుటుంబము లీ పేటలో పెక్కు. కీమాను పని యేమో వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. అతడు సుత్తి చేతబట్టి తనకు ఏర్పరచిన మేర పట్టాల వెంట ప్రతిదినము నడచును. పట్టాను బిగించు కీలు వదులైనదా, పట్టాలో చీలిక గలదా, కట్ట క్రింద మట్టి జారినదా యని చూచును. నిన్న చూచితిని గదా యని నేడు మానరాదు. వానకాలమున రాత్రి గస్తీ వేరుగా నుండును. నియమావళిని అతడు కొలువున చేరిననాడే గైకొన్నాడు, సందేహము లేదు. తెల్లవారుజామున బండి క్షేమముగా దాటిపోవుటకు ఆ గైకొనుట చాలదు, ఈ నడక కావలెను. ఆజ్ఞలపట్ల యోహాను సువార్త వాడిన తేరెయో ఇట్టి నడకవంటిది.

ఇంతవరకు విని, ఈ క్రియ మిక్కిలి పవిత్రమైనదని శ్రోతలు భావింపవచ్చును. అది సరికాదు. సిలువయొద్ద కూర్చుండి యేసునకు కావలియున్న సైనికులు చేసిన పనికిని మత్తయి ఇదే క్రియను వాడెను. యోహాను పదునేడవ అధ్యాయమున, శిష్యులను తాను కాపాడితినని యేసు తండ్రితో చెప్పుకొన్న ప్రార్థనలోను ఇదే క్రియ. యూదా పత్రిక మరియు విచిత్రము: తమ స్థానమును కాచుకొనని దూతలను దేవుడు తీర్పుదినమునకై చీకటిలో కాచి యుంచెనని, ఒకే వాక్యమున రెండుమార్లు ఆ మాటను త్రిప్పి వాడినది. మాటకు ధాతువును చూపి, అందుండి సిద్ధాంతమును పిండు ప్రసంగికులను 1961లో జేమ్స్ బార్ అను పండితుడు గట్టిగా మందలించెను. ఆ మందలింపు న్యాయమైనదే. క్రియ కావలిని మాత్రము తెలుపును; ఆ కావలిలో ప్రేమ యున్నదా పగ యున్నదా యను సంగతి తక్కిన వాక్యమే తెలుపవలెను.

మన ‘కనిపెట్టు’ అను మాటకును ఇదే గుణము కలదు. పసిబిడ్డను కనిపెట్టుకొని యుండుమని తల్లి పొరుగింటి యామెతో చెప్పి నీళ్లకు పోవును. దొంగను కనిపెట్టితిమని పోలీసువారందురు. తేరెయోకు తెలుగులో దీనికంటె దగ్గరి మాట నాకు తోచలేదు.

పగతో కాచుటకు ఉదాహరణము మార్కు మూడవ అధ్యాయమున నున్నది. విశ్రాంతిదినమున ఊచచేయి గలవానిని యేసు స్వస్థపరచునేమో యని కొందరు ఆయనను కనిపెట్టుచుండిరి. అచట గ్రీకు మాట తేరెయోకు ఉపసర్గ చేర్చిన ‘పరతేరెయో’. ఇక యోహాను తొమ్మిదవ అధ్యాయమున, గ్రుడ్డివానికి చూపు వచ్చిన పిమ్మట, ఇతడు విశ్రాంతిదినమును కాచువాడు కాడని పరిసయ్యులలో కొందరు ఆక్షేపించిరి. అచట ఉపసర్గ లేని తేరెయోయే. దినమును కాచుచున్నామని చెప్పుకొనువారు వాస్తవమున కాచినది పొరుగువానిని. ఈ జబ్బు పరిసయ్యులతో పోలేదని మన సంఘపు తగవులు విన్నవా రెరుగుదురు.

మరియమ్మ కావలి దీనికి భిన్నమైనది. లూకా రెండవ అధ్యాయమున రెండుమార్లు, తేరెయోకు వేర్వేరు ఉపసర్గలు చేర్చి, ఆమె ఆ సంగతులను హృదయములో భద్రము చేసికొనెనని చెప్పబడినది. రెండవమారు, దానికి ముందటి వచనముననే, కుమారుడు చెప్పిన మాట తలిదండ్రులకు బోధపడలేదని యున్నది. బోధపడని మాటను పారవేయక, అర్థమగు దినము వచ్చువరకు కాచియుంచుట తేరెయోలోని మిక్కిలి ఓర్పు గల భాగమని నా యభిప్రాయము.

అపొస్తలుల కార్యములు పదునారవ అధ్యాయమున ఫిలిప్పీ చెరసాల నాయకునికి పౌలును సీలను భద్రముగా కాయవలెనని ఆజ్ఞ యిచ్చిరి, మాట తేరెయోయే. అతడు వారిని లోపలి చెరలో త్రోసి, కాళ్లకు బొండ వేసి, నిద్రపోయెను. మధ్యరాత్రమున భూమి కంపించి తలుపులు తెరచుకొనెను. ఖైదీలు పారిపోయిరనుకొని కత్తి దూసిన యతనిని, మేమందర మిక్కడనే యున్నామని పౌలు కేకవేసి ఆపెను. ఆ రాత్రి కావలి కాచినవాడు ఖైదీయే. పిమ్మట నాయకుడు ఆ గడియలోనే వారి దెబ్బల గాయములను కడిగి, ఇంటికి తీసికొనిపోయి భోజనము పెట్టెను. ఆ పనులను చెప్పునపుడు లూకా తేరెయో క్రియను మరల వాడలేదు.