నీళ్ళ మధ్య కొండకు మన వాళ్ళ ప్రయాణం
(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో యాత్రా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



విజయపురి సౌత్ యాత్ర గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని ఆదేశించారు. నాలుగు మాటలతో ఆగే సంగతి కాదిది. అందుచేత కొంచెం ఓపిక పట్టి వినమని ముందే మనవి చేసుకుంటున్నాం.

మొదట మన మధ్య వచ్చిన తగాదా సంగతి దాచకుండా చెప్పాలి. యాత్ర మాట ఎత్తగానే కొందరు పెద్దలు కోప్పడ్డారు. "పేద పిల్లల ఫీజులకు, ఆస్పత్రి ఖర్చులకు పోగు చేసిన డబ్బుతో షికార్లా?" అని అడిగారు. వాళ్ళు అడిగింది సబబే. అందుకని సొసైటీ నిధి నుంచి ఒక్క పైసా తీసుకోలేదు. వచ్చేవాళ్ళు ఎవరి ఖర్చు వాళ్ళు పెట్టుకున్నారు. ఇచ్చుకోలేని ఇళ్ళ పిల్లల ఖర్చు కలిగినవాళ్ళు విడిగా పెట్టుకున్నారు. ఎవరిది ఎవరు కట్టారో పిల్లలకు తెలియనివ్వలేదు. ఆ లెక్క వేరే పుస్తకంలో ఉంది. ఎవరైనా చూసుకోవచ్చు.

ఇక ఎక్కడికి వెళ్ళాలన్నది రెండో చర్చ. మోకాళ్ళ నొప్పులున్న మన పెద్దవాళ్ళు వేడినీటి ఊటలకు తీసుకుపొమ్మన్నారు. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్ళు ఊరుతాయని విన్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అందులో మాయ ఏమీ లేదు. వాననీరు భూమిలోకి బాగా లోతుకు ఇంకి, అక్కడి వేడికి కాగి, రాతి పగుళ్ళలోంచి మళ్ళీ పైకి వస్తుంది. కాని నరసరావుపేట నుంచి అక్కడికి వెళ్ళి ఒక్క రోజులో తిరిగి రావడం పెద్దవాళ్ళ వల్ల అయ్యే పని కాదు. పైగా మన పల్నాడు జిల్లాలోనే, మాచర్లకు పాతిక కిలోమీటర్ల దూరంలో, దేశదేశాల వాళ్ళు వచ్చి చూసిపోయే చోటు ఉంటే, మన పిల్లల్లో సగం మంది దాని ముఖమైనా చూడలేదు. వేడినీళ్ళు ఇంకో ఏడు చూద్దాం, ముందు ఇంటి దగ్గరిది చూద్దాం అని తీర్మానించుకున్నాం. శుక్రవారం అక్కడి మ్యూజియానికి సెలవు. మనకూ జుమా రోజే. కాబట్టి ఆదివారం పెట్టుకున్నాం.

ఫజర్ నమాజు కాగానే బస్సు కదిలింది. పిల్లా పెద్దా కలిపి 42 మందిమి. పిడుగురాళ్ళ, గురజాల, రెంటచింతల దాటి మాచర్లలో టీలు తాగేసరికి బాగా పొద్దెక్కింది. ఆ టీల దగ్గరే ఆలస్యమైంది. మేము విజయపురి సౌత్ రేవుకు చేరేసరికి మొదటి లాంచీ నిండిపోయి బయలుదేరింది. తప్పు మాదే. ఇంతమందిమి వస్తున్నామని ముందు రోజే కబురు చేసి ఉండాల్సింది. తరువాతి లాంచీ దాకా చెట్ల నీడన కూర్చున్నాం. ఆ సేపట్లోనే గైడుగారు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కథ మొదలెట్టారు.

ఇప్పుడు కొండచుట్టూ నీళ్ళున్న చోట ఒకప్పుడు పెద్ద లోయ ఉండేదన్నారు. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజులు ఆ లోయలో విజయపురి అనే రాజధాని కట్టుకుని ఏలారు. ఇప్పటి ఊరి పేరు ఆ పేరే. బౌద్ధ విహారాలు, చైత్యాలు, గుళ్ళు, స్నానఘట్టాలు, ఆటలకు రాతి మెట్ల రంగస్థలం, అన్నీ అక్కడే ఉండేవి. సింహళం నుంచి వచ్చే భిక్షువులకు వేరే విహారమే ఉండేది. తవ్వకాల్లో రోము దేశపు బంగారు నాణేలు కూడా దొరికాయి. కృష్ణ ఒడ్డు సరుకు సముద్రాలు దాటిందన్నమాట.

తరువాత అదంతా మట్టి కింద పడిపోయింది. 1926లో పురాతత్వ శాఖ వాళ్ళ కంటపడింది. లాంగ్‌హర్స్ట్ అనే దొర 1927 నుంచి 1931 దాకా తవ్వించాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. లోయంతా మునుగుతుందని తేలింది. ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా రాత్రింబవళ్ళన్నట్టు తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయిగా విప్పి, కొన్నిటిని కొండ మీదా, కొన్నిటిని ఈ ఒడ్డున అనుపు దగ్గరా మళ్ళీ నిలబెట్టారు. తరలించలేనివాటికి చిన్న నమూనాలు కట్టారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్ళు వదిలారు. మన పొలాలకు పారే కుడి కాలువ ఆ నీళ్ళదే. మనం తినే అన్నంలో ఆ మునిగిన లోయ ఉంది అన్నారు గైడుగారు. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు.

లాంచీ ఎక్కేటప్పుడు చిన్న గొడవ. లైఫ్ జాకెట్లు ఉక్కపోతగా ఉన్నాయని మన కుర్రాళ్ళు విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు. గోదావరి మీద కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న పడవ మునిగి ఎందరి ప్రాణాలు పోయాయో గుర్తు చేశాం. ఒక్కరూ మాట్లాడకుండా తొడుక్కున్నారు. ముందు ముందు ఏ యాత్రకు వెళ్ళినా ఇది కమిటీ నియమంగా ఉండాలని మా మనవి.

దాదాపు గంట ప్రయాణం. చుట్టూ నల్లమల కొండలు, కింద ఎంత లోతో తెలియని నీళ్ళు. మన ఆడవాళ్ళు మొదట కళ్ళు మూసుకుని దువా చదువుకున్నారు. కాసేపటికి వాళ్ళే రెయిలింగు దగ్గర నిలబడి ఫొటోలు తీయమన్నారు.

కొండ మీద మహాచైత్యం దగ్గర ఒక సంగతి జరిగింది. అది పునాదుల వరకే కనిపించే ఇటుక కట్టడం. పైనుంచి చూస్తే బండిచక్రం ఆకుల్లా గోడలు కనపడతాయి. దాన్ని బాగు చేయించింది రాజు కాదు, చాంతిసిరి అనే రాజకుటుంబపు స్త్రీ అని గైడుగారు చెప్పారు. ఆవిడ వీరపురుషదత్తుడనే రాజుకు మేనత్త. బోధిసిరి అనే ఇంకొక గృహిణి చైత్యగృహం కట్టించి, తాను ఎక్కడెక్కడ ఏమేమి కట్టించిందో శాసనంలో వరసగా రాయించింది. మన ట్యూషన్ సెంటరులో చదివే అమ్మాయి ఒకతె వెంటనే అడిగింది: "అయితే సార్, వాళ్ళ డబ్బు వాళ్ళ చేతిలో ఉండేదా?" గైడుగారు నవ్వి, "లేకపోతే రాయి మీద పేరెలా ఎక్కుతుందమ్మా" అన్నారు. పక్కన ఉన్న తల్లులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పదో తరగతి కాగానే ఆ అమ్మాయి చదువు మాన్పించాలని ఇంట్లో మాట నడుస్తోందని మాకు తెలుసు. ఆ తల్లి కూడా అక్కడే ఉంది. మేము ఏమీ అనలేదు. తిరుగు ప్రయాణంలో ఆవిడే వచ్చి, ఇంటర్‌కు ఫారం ఎప్పుడు నింపాలి అని అడిగింది.

జుహర్ నమాజు చెట్ల కింద చదువుకుని, తెచ్చుకున్న బగారా అన్నం, డాల్చా తిన్నాం. పక్క ఊరి నుంచి వచ్చిన యాత్రికులు పులిహోర ఇచ్చారు, మనవాళ్ళు డాల్చా ఇచ్చారు. ఆకులన్నీ ఏరి సంచిలో వేసుకున్నాం.

ఇక అసలు సంగతి. చివరి లాంచీ వేళకు తలలు లెక్కపెడితే 41 వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాం. 41. మాతో వచ్చిన వాళ్ళలో పెద్దావిడ, మనమంతా నానీ అని పిలిచే ఆవిడ, కనిపించలేదు. డెబ్బై అయిదు దాటిన మనిషి, చూపు అంతంత మాత్రం, చుట్టూ నీళ్ళు. మా గుండెలు జారిపోయాయి. కుర్రాళ్ళు స్నానఘట్టం వైపు పరుగెత్తారు. మేము లాంచీవాళ్ళను బతిమాలుకున్నాం. వాళ్ళు కాదనలేదు, ఆగారు.

నానీ మ్యూజియంలో దొరికింది. మునగక ముందు లోయ ఎలా ఉండేదో చూపించే పెద్ద నమూనా ఒకటి అక్కడ ఉంది. కొండలు, నది, తవ్విన చోట్లు అన్నీ అందులో ఉంటాయి. దాని ముందు నిలబడి వేలితో గాలిలో దారి గీస్తోంది. "నానీ, లాంచీ పోతోంది, పద" అన్నాం. ఆవిడ కదల్లేదు. "ఉండండిరా. ఇదిగో వాగు. ఈ వాగు దాటితే చింతచెట్టు. ఆ పక్కన బావి. ఆ బావి వెనక మా ఇల్లు" అంది.

ఇన్నేళ్ళుగా ఆవిడ మన మధ్య ఉంది. ఆ లోయలో పుట్టిందని మనకెవరికీ తెలియదు. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఊరు ఖాళీ చేసి వచ్చేశారట. వాళ్ళ నాన్న తవ్వకాల్లో కూలి. మట్టి తట్టలు మోసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, ఇవాళ రాతి బొమ్మ బయటపడింది, ఇవాళ గోడ బయటపడింది అని చెప్పేవాడట. "మా నాన్న తవ్వినవన్నీ ఒడ్డుకు వచ్చాయి. మేమున్న ఇల్లు కిందే ఉండిపోయింది" అంది నానీ. ఏడవలేదు. మామూలుగా చెప్పింది. మాకే ఏం మాట్లాడాలో తోచలేదు. ఎవరి మీదా కోపం ఉందా అని లాంచీలో ఒక కుర్రాడు అడిగాడు. "కోపమెందుకు? నీళ్ళొచ్చాకనే కదా మా మనవళ్ళకు వరి అన్నం. కాని ఎవరైనా ఒకసారి అడిగి ఉంటే బాగుండేది, మీ ఊరెట్లా ఉండేదీ అని" అంది.

ఒడ్డుకు వచ్చాక అనుపు చూశాం. నాలుగు వైపులా మెట్లున్న ఆ ఆటస్థలంలో పిల్లలు పరుగుపందేలు పెట్టుకున్నారు. ఒకరు ఇటు మెట్ల మీద మెల్లగా మాట్లాడితే అటు మెట్ల మీద చెవులు రిక్కించి వినడం వాళ్ళకు పెద్ద ఆట అయింది. తిరుగుదారిలో ఎత్తిపోతల దగ్గర దిగాం. చంద్రవంక దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతోంది. వేడినీళ్ళడిగిన పెద్దలు చల్లటి తుంపర్లకు ముఖాలిచ్చి నిలబడ్డారు. మోకాళ్ళు ఏమైనా తగ్గాయా అని అడిగితే, మోకాళ్ళు తగ్గలేదుగాని మనసు తగ్గింది అన్నారొకరు. రాత్రి పది దాటాక క్షేమంగా ఇల్లు చేరాం. 42 మందిమీ.

పెద్దలారా, ఈ యాత్ర వల్ల మాకు తోచిన మూడు సంగతులు సభ ముందు పెడుతున్నాం.

ఒకటి. వచ్చే ఏడు యాత్రలో ట్యూషన్ సెంటరు ఆడపిల్లలకు మొదటి వరస ఇవ్వాలి. పుస్తకంలో పది రోజులు చదివినా రాని ప్రశ్న అక్కడ ఒక్క నిమిషంలో వచ్చింది.

రెండు. లాంచీకి, బస్సుకు ముందే కబురు చేయాలి. తలల లెక్క గంటకొకసారి తీయాలి. వృద్ధుల పక్కన ఒక్కొక్క కుర్రాడిని పేరు పెట్టి అప్పగించాలి. ఆ రోజు మేము పడ్డ భయం ఇంకెవరూ పడకూడదు.

మూడు, ముఖ్యమైనది. మన వాళ్ళలో ఎంతమంది ఆ డ్యాము మీద రాళ్ళు మోశారో, ఎంతమంది ఊళ్ళు వదిలి వచ్చారో మన దగ్గర ఒక్క కాగితం లేదు. పదిహేడు వందల ఏళ్ళ కిందట బోధిసిరి ఏం కట్టించిందో రాయి మీద ఉంది. నానీ వాళ్ళ నాన్న ఏం తవ్వాడో నానీ నోట్లో తప్ప ఎక్కడా లేదు. కుర్రాళ్ళు ఒక నోటుపుస్తకం పట్టుకుని ప్రతి ఇంటికీ వెళ్ళి, పెద్దల దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. ఖర్చు లేని పని. కావలసింది ఓపిక ఒక్కటే. మొదటి పేజీ నానీది. అది మేము అప్పుడే రాసుకున్నాం. వాగు, చింతచెట్టు, బావి, బావి వెనక ఇల్లు.

మా ప్రయాణంలో పొరపాట్లు ఉంటే మన్నించండి. వచ్చే ఏడు మీరందరూ రావాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాం. ఖుదా హాఫిజ్.