2012 స్పైడర్‌మ్యాన్‌ని తిట్టినోళ్ళలో నేనూ ఉన్నాను!

ఈ ఎపిసోడ్ కొంచెం లేటయింది, సారీ. స్క్రిప్ట్ రాసి మూడుసార్లు డిలీట్ చేశాను. సబ్జెక్ట్ చూస్తే సింపులే. 2012లో వచ్చిన 'ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్', అదే, ఆండ్రూ గార్‌ఫీల్డ్ చేసింది. చూడనివాళ్ళు చూసి రండి, స్పాయిలర్లు ఫుల్లుగా ఉంటాయి.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. శామ్ రైమీ డైరెక్షన్లో, టోబీ మగ్వైర్ హీరోగా 2002, 2004, 2007లో మూడు సినిమాలు వచ్చాయి. మా జనరేషన్‌కి స్పైడర్‌మ్యాన్ అంటే టోబీయే. నాలుగోది కూడా అనుకున్నారు, కథ కుదరక 2010 జనవరిలో ఆపేశారు. ఆపేసి సోనీవాళ్ళు ఏం చేశారంటే, మొత్తం మొదటికొచ్చారు. కొత్త డైరెక్టర్ మార్క్ వెబ్, కొత్త హీరో, మళ్ళీ స్కూలు, మళ్ళీ సాలీడు కుట్టడం, మళ్ళీ బెన్ అంకుల్ చనిపోవడం. ఎందుకంత తొందర? సోనీ దగ్గరున్నది సినిమా హక్కులే. గడువులోపు కొత్త సినిమా తీయకపోతే అవి మార్వెల్‌కి తిరిగి వెళ్ళిపోతాయి. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, నడుస్తున్న కోడ్‌ని డెడ్‌లైన్ కోసం పక్కన పడేసి మొదటి లైన్ నుంచి రాయడం. ఐదేళ్ళు సాఫ్ట్‌వేర్ చేశాను, ఆ నొప్పి నాకు తెలుసు.

అప్పుడు నేను విజయవాడలో ఇంటర్ ఫస్టియర్, హాస్టల్. ఆదివారం ఔటింగ్ ఇస్తే మా బాబాయ్ ఊరి నుంచి వచ్చి సినిమాకి తీసుకెళ్ళాడు. చిన్నప్పుడు టోబీ సినిమా చూపించింది కూడా ఆయనే. థియేటర్ నుంచి బయటికొచ్చి బస్టాండ్ దాకా నేను తిడుతూనే ఉన్నాను. బాబాయ్ మాత్రం ఒక్కటే అడిగాడు. "అదంతా సరే గానీ, వాళ్ళ బాబాయ్‌ని చంపిన దొంగ దొరకలేదేంట్రా?"

నేను వెంటనే, "అదే కదా నేను చెప్పేది! కథ మధ్యలో వదిలేశారు" అన్నాను.

ఆ సినిమాలో నిజంగానే లోపాలున్నాయి, దాచను. పీటర్ అమ్మానాన్నల రహస్యం అంటూ ఊరించి, సినిమాలో సగం కూడా చెప్పలేదు. మన ఇర్ఫాన్ ఖాన్‌ని తీసుకొచ్చి, బ్రిడ్జి మీద కార్లో కూర్చోబెట్టి, తర్వాత మర్చిపోయారు. ఆయనేమయ్యాడో సినిమా చెప్పదు. విలన్ లిజర్డ్ ప్లాన్ అయితే, ఊరందర్నీ బల్లుల్ని చేస్తానంటాడు. ఏం చెప్తాం బాస్.

కానీ కొన్ని విషయాల్లో ఇది టోబీ సినిమాల కన్నా ముందుంది. 1962 కామిక్స్‌లో పీటర్ సాలెగూడు దారం వదిలే మెషీన్ తనే తయారుచేసుకుంటాడు. రైమీ దాన్ని తీసేసి, దారం చేతుల్లోంచే వచ్చేలా పెట్టాడు. మార్క్ వెబ్ ఆ మెషీన్‌ని వెనక్కి తెచ్చాడు. అంటే పీటర్ తెలివైనోడని డైలాగ్‌లో చెప్పడం కాదు, చూపించాడు. ఇంకోటి, గ్వెన్. టోబీ సినిమాలు మూడిటి క్లైమాక్స్‌లోనూ మేరీ జేన్‌ని విలన్ ఎత్తుకుపోవడమే. ఇక్కడ ఎమ్మా స్టోన్ ల్యాబ్‌లో ఉండి విరుగుడు మందు రెడీ చేస్తుంది.

సరే, అసలు పాయింట్‌కొస్తా. 2021 డిసెంబర్ 16, 'నో వే హోమ్' ఫస్ట్ డే. ఆండ్రూ స్క్రీన్ మీదకి రాగానే థియేటర్ అంతా ఈలలు. తొమ్మిదేళ్ళ కింద తిట్టినోళ్ళమే, నాతో సహా. ఆ రాత్రి రూముకెళ్ళి 2012 సినిమా మళ్ళీ పెట్టాను.

ఈసారి నేను వేరే మనిషిని. ఎందుకంటే, 2019లో మా బాబాయ్ హైవే మీద పోయాడు. బండి మీద వెళ్తుంటే ఏదో వెహికల్ గుద్దేసి వెళ్ళిపోయింది. ఏ వెహికలో ఇప్పటికీ తెలీదు. కేసుంది, అంతే. దాదాపు ఏడాదిపాటు నేను ఆ రోడ్డు మీద వెళ్ళినప్పుడల్లా ముందు భాగం సొట్టపడిన ప్రతి లారీ నంబరూ ఫోన్లో రాసుకునేవాణ్ణి. పిచ్చి కదా. సినిమాలో పీటర్ చేసేది సరిగ్గా అదే. మణికట్టు మీద నక్షత్రం పచ్చబొట్టున్న వాడి కోసం, పోలికలున్న ప్రతివాణ్ణీ పట్టుకుని మణికట్టు చూస్తాడు.

తర్వాత బ్రిడ్జి సీను. కారు మంటల్లో వేలాడుతోంది, లోపల చిన్న పిల్లాడు భయంతో కదలట్లేదు. పీటర్ తన మాస్క్ తీసి వాడికిచ్చి, పెట్టుకో, ధైర్యం వస్తుందంటాడు. పిల్లాణ్ణి తండ్రికి అప్పగిస్తాడు. అక్కణ్ణుంచి ఆ దొంగ వేట ఆగిపోతుంది. ఎవరూ దొరకరు. దొరక్కుండానే వాడు స్పైడర్‌మ్యాన్ అవుతాడు. క్లైమాక్స్‌లో, కాలికి బుల్లెట్ దెబ్బతో ఉన్న పీటర్ కోసం క్రేన్లు వరసగా నిలబెట్టించేది ఆ పిల్లాడి తండ్రే.

టోబీకి హంతకుడు దొరికాడు. మనలో చాలామందికి దొరకరు ఫ్రెండ్స్. 2012లో నేను బగ్ అనుకున్నదే ఈ సినిమాలో నాకిప్పుడు అన్నిటికన్నా ఇష్టమైనది.

చివర్లో పీటర్, బెన్ అంకుల్ వదిలిన ఆఖరి వాయిస్ మెసేజ్ వింటాడు. నా ఫోన్లోనూ ఒకటుంది, 22 సెకన్లు. ఆ రోజు మాకు రిలీజ్, మీటింగ్‌లో ఉండి తర్వాత విందాంలే అనుకున్నాను. కర్మకాండలన్నీ అయ్యాక విన్నాను. "ఏరా, ఆదివారం వస్తున్నావా? మీ పిన్ని అడుగుతోంది" అంతే. ఫోన్ మార్చినా, అది మాత్రం మూడుచోట్ల బ్యాకప్ పెట్టుకున్నాను.

సో, నా ఫైనల్ మాట. ఈ రీబూట్ అవసరమా? వ్యాపారంగా చూస్తే హక్కుల కోసమే తీశారు, డౌట్ లేదు. 2017లో 'హోమ్‌కమింగ్' తీసినప్పుడు సాలీడు కుట్టడం, బెన్ చావు రెండూ చూపించలేదు. మళ్ళీ అదే కథా అని జనం విసుక్కుంటారని తెలుసుకున్నట్టే ఉంది. కానీ హక్కుల కోసం తీసిన సినిమాలో కూడా ఎవరో ఒకరు మనసు పెట్టి రాసిన సీన్లుంటాయి. పదికి ఏడు ఇస్తాను. 2012లో నాలుగిచ్చాను.

బాబాయ్ అడిగినదానికి ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇప్పుడుంది, చెప్పడానికి ఆయన లేడు.

మీరు తిట్టేసి, తర్వాత మనసు మార్చుకున్న సినిమా ఏదో కామెంట్లో రాయండి, అన్నీ చదువుతా. లైక్, సబ్‌స్క్రైబ్ మీ ఇష్టం. వినకుండా వదిలేసిన వాయిస్ మెసేజ్ ఏదైనా ఉంటే మాత్రం, ఇప్పుడే వినండి. వచ్చే వారం కలుద్దాం, బై.