కృప ఉంది కదా, మరి ఆజ్ఞలెందుకు?



"అన్నా, మనం ధర్మశాస్త్రం కింద లేం కదా, కృప కింద ఉన్నాం కదా. మరి ఈ ఆజ్ఞలన్నీ మనకెందుకు?" యూత్ మీటింగుల్లో ఈ ప్రశ్న తరచుగా వింటుంటాను. కృప కింద ఉన్నామన్న మాట కరెక్టే. రోమా పత్రిక 6వ అధ్యాయంలో పౌలు చెప్పిందే అది. కానీ ఆ మాటని మనం ఎక్కడ వాడుతున్నాం అన్నదే అసలు సంగతి. నేను ఎక్కడ వాడానో ముందు చెప్తాను.

డిగ్రీలో హాస్టల్లో ఉండేవాణ్ణి. ఒక నెల ఇంటి నుంచి డబ్బులు రాలేదు, మెస్ బిల్లు కట్టాలి. రూమ్మేట్ పర్సులోంచి 1500 రూపాయలు తీశాను. వాడు గదంతా వెతికాడు. నేను కూడా వాడితో కలిసి మంచం కింద వెతికాను! చివరికి వాడు, బస్సులో ఎక్కడో పడిపోయి ఉంటాయిలే అనుకున్నాడు.

ఆ ఆదివారం చర్చిలో మోకరించి ఏడ్చాను. "ప్రభువా, క్షమించు" అన్నాను. అబద్ధపు ఏడుపు కాదది, నిజంగానే ఏడ్చాను. మనసు తేలికైంది. కానీ గదికి వచ్చాక వాడికి చెప్పలేదు. "దేవుడే క్షమించేశాడు, ఇంక వీడికి చెప్పడం ఎందుకు?" అనుకున్నాను. చూశారా, నేను కృపని వాడిన చోటు అది. కృప నాకు దాక్కునే చోటైపోయింది.

కొన్ని వారాల తర్వాత లూకా సువార్త 19వ అధ్యాయం చదువుతున్నాను. జక్కయ్య కథ. సండే స్కూల్ నుంచి వింటున్నదే. పొట్టివాడు, మేడిచెట్టు ఎక్కాడు, యేసు కిందికి దిగమన్నాడు. కానీ ఆ రోజు వరుస చూశాను. మీరూ చూడండి. యేసు ముందు ఏమన్నాడు? ఈ రోజు నీ ఇంట్లో ఉండాలి అన్నాడు. "ముందు అందరి డబ్బూ తిరిగిచ్చెయ్, అప్పుడు ఆలోచిస్తా" అనలేదు. ఊరంతా పాపి అంటున్న మనిషి ఇంటికి, ఆ మనిషి ఇంకా ఏమీ మారకముందే, అతిథిగా బయల్దేరాడు. అది కృప.

ఆ తర్వాత జక్కయ్య నిలబడి, ఆస్తిలో సగం పేదలకిస్తాను, అన్యాయంగా తీసుకున్నది ఉంటే నాలుగంతలు తిరిగిస్తాను అన్నాడు. ఈ నాలుగంతలు దగ్గర కాస్త ఆగుదాం. సంఖ్యాకాండము 5వ అధ్యాయం ప్రకారం, తప్పు ఒప్పుకున్నవాడు తీసుకున్నది మొత్తం ఇచ్చి, దానికి అయిదో వంతు కలిపితే చాలు. అంటే 1000 తీసుకుంటే 1200 ఇవ్వాలి. గొర్రెను దొంగిలించి కోసినా అమ్మినా నాలుగు గొర్రెలివ్వాలని నిర్గమకాండము 22వ అధ్యాయంలో ఉంది. జక్కయ్య ఆ పెద్ద లెక్కనే తనకు తాను వేసుకున్నాడు. 1200 చాలే చోట 4000 ఇస్తానన్నాడు. ఎవరూ బలవంతం చేయలేదు, కేసు పెట్టలేదు.

కృప వచ్చాక జక్కయ్యకి ధర్మశాస్త్రం చిన్నదైందా? లేదు కదా! మొదటిసారి దాన్ని ఇష్టంగా పట్టుకున్నాడు.

అయితే ధర్మశాస్త్రం మనల్ని రక్షిస్తుందా? రక్షించదు. చెయ్యి విరిగితే ఎక్స్‌రే తీస్తారు. ఎముక ఎక్కడ విరిగిందో ఎక్స్‌రే చూపిస్తుంది, దాన్ని అతికించలేదు. ధర్మశాస్త్రం వల్ల పాపమంటే ఏమిటో తెలుస్తుందని రోమా 3వ అధ్యాయంలో పౌలు అనేది ఇదే. కానీ కట్టు కట్టాక డాక్టర్ మళ్లీ ఎక్స్‌రే తీయిస్తాడు. ఎముక తిన్నగా అతుక్కుంటోందా లేదా చూడాలి కదా. క్షమాపణ పొందినవాడికి కూడా ఆజ్ఞలు అందుకే కావాలి.

కొందరు అడుగుతారు: "మరి బలులు, సున్నతి, ఆహార నియమాలు పాటించట్లేదు కదా?" నిజమే. బలులన్నీ క్రీస్తు చేసిన ఒక్క బలిలో నెరవేరాయని హెబ్రీ పత్రిక చెప్తుంది. అన్యజనులకు సున్నతి అక్కర్లేదని అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో తేల్చారు. కానీ దొంగిలించొద్దు, వ్యభిచరించొద్దు, ఆశించొద్దు అన్న ఆజ్ఞల్ని అదే పౌలు రోమా 13వ అధ్యాయంలో మళ్లీ చెప్పి, ఇవన్నీ పొరుగువాణ్ణి ప్రేమించడంలో ఉన్నాయంటాడు. కృప కింద ఉన్నానని చెప్పి రూమ్మేట్ పర్సు తీస్తే, నేను వాణ్ణి ప్రేమించినట్టా?

నిర్గమకాండములో కూడా వరుస ఇదే. 14వ అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలీయుల్ని సముద్రం దాటించాడు. పది ఆజ్ఞలు 20వ అధ్యాయంలో వచ్చాయి. మొదటి ఆజ్ఞకి ముందే, మిమ్మల్ని బానిసత్వం నుంచి బయటికి తెచ్చింది నేనే అని గుర్తు చేశాడు. ముందు విడుదల, తర్వాత ఆజ్ఞ.

డైట్రిచ్ బోన్‌హోఫర్ అనే జర్మన్ పాస్టర్ 1937లో ఒక పుస్తకం రాశాడు. పశ్చాత్తాపం లేకుండా, యేసు వెంట నడవకుండా క్షమాపణ మాత్రం కోరుకోవడాన్ని ఆయన చౌక కృప అన్నాడు. ఆయన ఊరికే రాసి ఊరుకోలేదు. హిట్లర్‌ని ఎదిరించాడు, 1945లో నాజీలు ఆయన్ని ఉరి తీశారు.

ఇది వింటున్న మీలో కొందరు, ఎలాగూ క్షమిస్తాడులే అని అదే తప్పు మళ్లీ చేయబోతున్నారు. ప్లీజ్, ఆగండి. ఇంకొందరు, ఇన్నిసార్లు పడిపోయాను, ఇంక నన్ను రానివ్వడు అని ప్రార్థనే మానేశారు. మీకు చెప్తున్నాను: యేసు చెట్టు కిందికి వచ్చి పిలిచింది, ఇంకా ఒక్క రూపాయి కూడా తిరిగివ్వని మనిషిని.

నా సంగతి ఏమైందో చెప్పలేదు కదా. ట్యూషన్లు చెప్పి డబ్బు పోగేసి, వాడి చేతిలో పెట్టి, జరిగింది చెప్పేశాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రోజు నాతో కలిసి వెతికావు కదరా" అన్నాడు. అంతే. డబ్బు కంటే అదే వాడికి ఎక్కువ నొప్పి. మా స్నేహం వెంటనే మామూలు కాలేదు, చాలా నెలలు పట్టింది. కానీ ఒకటి మాత్రం చెప్పగలను. దేవుడు నన్ను ముందే క్షమించాడన్న నమ్మకం లేకపోతే, వాడి ముందు నిలబడే ధైర్యం నాకు వచ్చేది కాదు.

ఈ వారం ఒక్క పని చేయండి. మీరు దేవుడికి చెప్పి, మనిషికి చెప్పని విషయం ఏదైనా ఉంటే, ఆ ఒక్క మనిషికి ఫోన్ చేయండి. మెసేజ్ కాదు, ఫోన్.

ప్రార్థన చేసుకుందాం. ప్రభువా, మేము మారకముందే మా ఇంటికి వచ్చావు, నీకు స్తోత్రం. నీ కృప వెనక దాక్కోకుండా, నీ కృపతో బయటికి వచ్చే ధైర్యం మాకివ్వు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.