వికాసలోపముగల బిడ్డలు - మన కర్తవ్యము

(మహాసభలో చేసిన యుపన్యాసము)



మన సంఘము ప్రతివత్సరమును ప్రథమశ్రేణి నందిన విద్యార్థులకు బహుమతుల నొసంగుచున్నది. అది యుచితమే. కాని యీ వేదిక నెక్కజాలని బిడ్డలును మన యిండ్ల నున్నారు. వారిని గూర్చి కొంచెము మనవి చేయుదును.

ముందుగా నా యపరాధమును చెప్పుకొందును. ఉపాధ్యాయుడనై యున్న దినములలో నొక బాలుడు రెండేండ్లు నాయొద్ద కూర్చుండియు నక్షరములు నేర్వలేదు. "మొద్దు" అని వానిని కడపటి వరుసకు పంపితిని. ఒకనాడు వాని తల్లి వచ్చి, "వానికి సదువు రాకుంటె రాకపోనియ్యుండ్రి సారూ, నలుగురిల మొద్దని మాత్రం అనకుండ్రి" అనెను. మరునాటినుండి వాడు బడికి రాలేదు; నేనును పిలువబోలేదు. నాకిప్పు డరువదియేండ్లు దాటినవి. ఆ మాట నా చెవిని విడువలేదు.

పంచతంత్ర కథాముఖమున విష్ణుశర్మ, చదువునకు విముఖులైన రాజకుమారులను దండింపలేదు. బోధనారీతిని మార్చి కథలచే నాఱుమాసములలో నీతి నేర్పెను. ఆ కుమారులు వికాసలోపము గలవారని నా భావము కాదు. బిడ్డకు దగిన త్రోవను వెదకుట గురువు పని. ఈ కథను పెక్కుమార్లు పాఠము చెప్పియు దాని నాచరింపనైతిని.

ఇట్టి బిడ్డ పుట్టుట తల్లి పాపము కాదు. ప్రసవకాలమున ప్రాణవాయువు చాలకపోవుట, పుట్టినవెంటనే తీవ్రమైన కామెర్లు, క్రోమోజోముల భేదము, మెదడువాపు మున్నగునవి కారణములు. పెక్కురియందు కారణమే తెలియదు. దగ్గరి మేనరికములలో కొన్ని వంశపారంపర్యవ్యాధుల సంభవము హెచ్చును గనుక ముందుగా వైద్యుని సలహా గైకొనుడు; చేసికొన్నవారిని మాత్రము నిందింపకుడు. అయిదవమాసమునకు మెడ నిలువకున్నను, ఏడాదిన్నరకు నడక రాకున్నను, పేరుపెట్టి పిలిచిన చూడకున్నను, "పెద్దయిన నదే వచ్చును" అని జాగుచేయరాదు.

1984లో సికిందరాబాదు మనోవికాసనగరమున స్థాపితమైన జాతీయసంస్థ బిడ్డలను పరీక్షించి తల్లిదండ్రులకు శిక్షణ నొసంగుచున్నది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము 18 ఏండ్లు దాటినవారికి సంరక్షకుని నియమించు మార్గమును చూపినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది; 40 శాతమునకు తక్కువగాని లోపముగల బిడ్డకు 6 మొదలు 18 ఏండ్లవరకు సమీపపు బడిలోగాని ప్రత్యేకపాఠశాలలోగాని యుచితవిద్య హక్కైనది.

హక్కు కాగితముపై నున్నది. పెద్దవూరనుండి నగరమునకు బిడ్డ నెత్తుకొని పోవు తల్లికి దినకూలి పోవును. అచట నిలువనీడ లేదు. కావున దాతలారా! నగరమున నామె బసకొక గదిని, కూలినష్టమున కొక నిధిని ఏర్పరుపుడు. బంధువులారా! పెండ్లిపిలుపులలో ఆ బిడ్డ పేరును మఱువకుడు. తమ్ముడట్టివాడని యక్క సంబంధమును త్రోసిపుచ్చకుడు. ఈ మూడవకోరిక కొక్క కాసును ఖర్చు కాదు; ఆ యింటికి దానికంటె మేలును లేదు.

నా బడినుండి మరలిపోయిన బాలుని నేను తిరిగి పిలువజాలను. మీ వాడలోని బిడ్డను మీరు పిలువగలరు.